ఏ పనికి ఏ చెక్క: పికిల్‌బాల్ బ్యాట్ల తయారీలో మా సంఘం అనుభవం

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



ఈ ఏడాది మా సంఘంలోని పది మందిమీ కలిసి చెక్కతో పికిల్‌బాల్ బ్యాట్లు చేశాం. దాని గురించి చెప్పమని సమాఖ్య అడిగింది. పేరు విని చాలామంది "అదేం పచ్చడే?" అని నవ్వారు. పచ్చడికీ దీనికీ సంబంధం లేదమ్మా. ఇదొక ఆట. చిల్లులున్న ప్లాస్టిక్ బంతిని బ్యాటుతో వల మీదుగా కొట్టుకుంటారు. కోర్టు 20 అడుగుల వెడల్పు, 44 అడుగుల పొడవు. బ్యాడ్మింటన్ కోర్టు కొలత కూడా అదే. అందుకే బ్యాడ్మింటన్ గీతలున్న బడిలో దీనికి కొత్త స్థలం అక్కర్లేదు. వల మాత్రం కిందికి ఉంటుంది, నడుమ 34 అంగుళాల ఎత్తు.

ఈ ఆట 1965లో అమెరికాలో సియాటిల్ దగ్గర బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో పుట్టింది. సెలవుల్లో పిల్లలకు తోచక గోల పెడుతుంటే జోయెల్ ప్రిచర్డ్, బిల్ బెల్ అనే ఇద్దరు స్నేహితులు చేతికి దొరికిన టేబుల్ టెన్నిస్ బ్యాట్లతో మొదలుపెట్టించారు. తర్వాత బార్నీ మెక్‌కాలమ్ అనే మరో స్నేహితుడు ఇంట్లోనే ప్లైవుడ్డు కోసి బ్యాట్లు చేశాడు. 1984లో బోయింగ్ కంపెనీ ఇంజనీరు ఆర్లెన్ పరాంటో, విమానాల్లో నేలకు వాడే తేనెపట్టు లాంటి పలకలతో తేలిక బ్యాటు చేశాడు. ఇప్పుడు షాపుల్లో ఖరీదుగా అమ్మే బ్యాట్లు ఆ దారిలో వచ్చినవే. మేము పట్టుకున్నది మాత్రం మొదటి దారి, ప్లైవుడ్డు దారి.

మా ఊరి హైస్కూలు పీఈటీ సారు "పిల్లలు నలభై మంది, బ్యాట్లు నాలుగే, మీరేమైనా చేయగలరా అమ్మా?" అని అడిగారు. అలా మొదలైంది.

మొదట తేల్చుకోవలసింది ఏ సరుకు వాడాలన్నది. కొండపల్లి బొమ్మకు తెల్ల పొనికి, ఏటికొప్పాక బొమ్మకు అంకుడు. ఏ పనికి ఏ చెక్కో పెద్దవాళ్ళు ఎప్పుడో తేల్చారు. పొనికి తేలికే గానీ మెత్తన, బంతి దెబ్బకు సొట్టలు పడుతుంది. ఏ కర్రయినా పలచగా కోస్తే నార వెంట చీలుతుంది. ఎండీఎఫ్ బరువు, పైగా తడి తగిలితే అంచులు ఉబ్బుతాయి. ప్లైవుడ్డులో పొరలు ఒకటి నిలువు, ఒకటి అడ్డం వేసి అతికిస్తారు కాబట్టి చీలదు. అందుకే దానికే వచ్చాం.

ప్లైవుడ్డులోనూ రకాలున్నాయి. కమర్షియల్ ముక్క, మెరైన్ ముక్క రెండూ ఒకే గిన్నెలో వేసి మరిగించాం. కమర్షియల్ పొరలు విడిపోయాయి, మెరైన్ నిలబడింది. కొనేటప్పుడు షీటు మీద ఐఎస్ 710 అనే ముద్ర చూడాలి. కుండ కొన్నట్టు వేలి కణుపుతో కొట్టి చూడాలి. ఎక్కడైనా డొల్ల శబ్దం వస్తే లోపల సందు ఉన్నట్టే. పక్క నుంచి చూసినా తెలుస్తుంది.

మందం విషయం వంటింటి తక్కెడ తేల్చింది. 9 మి.మీ. బ్యాటు 370 గ్రాములు తూగింది. 6 మి.మీ. బ్యాటు 260 గ్రాములు. షాపు బ్యాట్లు 200 నుంచి 240 మధ్య ఉంటాయి. వందకు పైగా గ్రాముల తేడా మనకు చిన్నదే. గంటసేపు ఆడే ఎనిమిదో తరగతి పిల్ల మణికట్టుకు చిన్నది కాదు. అందుకని 6 మి.మీ. ఖాయం చేశాం.

ఇక కొలత. ఆట నియమం ప్రకారం బ్యాటు పొడవు 17 అంగుళాలు దాటకూడదు. పొడవు, వెడల్పు కలిపి 24 దాటకూడదు. మేము 16, 8 పెట్టుకున్నాం. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు షీటులో సరిగ్గా 36 వస్తాయి. పైపొర నార పిడి పొడవునా ఉండేలా గీసుకోవాలి. అడ్డంగా కోస్తే పిడి మెడ దగ్గర విరుగుతుంది. జాకెట్టు కత్తిరించేటప్పుడు గుడ్డ నిలువు చూసుకుంటాం కదా, ఇదీ అంతే.

కోత వడ్రంగి జిగ్‌సా మిషన్ మీద కోసి ఇస్తాడు. మిగతా పని మాదే. పిడికి రెండు వైపులా మిగిలే ముక్కలు పారేయం. వాటినే పిడి కొలతకు కోసి, ఇటొకటి అటొకటి తడికి ఆగే ఫెవికాల్‌తో అతికిస్తాం. రాత్రంతా రోలు బరువు కింద పెడతాం. పొద్దునకి 18 మి.మీ. మందం పిడి తయారు. తర్వాత 80, 120, 220 నంబర్ల గరుకు కాగితం వరసగా పట్టాలి. వార్నిష్ రెండు పూతలు, మధ్యలో ఒక రోజు ఆరనివ్వాలి. ఆరాక అంచు చుట్టూ కరెంటు టేపు. పిడికి పాత సైకిల్ ట్యూబు పట్టీ చుట్టి, దాని మీద బ్యాడ్మింటన్ గ్రిప్ చుడితే చేతికి నిండుగా ఉంటుంది. బంతి తగిలే ముఖం మీద మాత్రం రబ్బరు గానీ గరుకు పూత గానీ వేయకూడదు, ఆట నియమం ఒప్పుకోదు.

రుద్దుడు పని ఆరుబయట, మూతికి గుడ్డ కట్టుకునే చేయాలి. తర్వాత దుమ్ము చీపురుతో ఊడవకూడదు, లేస్తుంది. తడిగుడ్డతో తుడవాలి. "కార్బన్, ఫైబర్ బ్యాట్లు చేస్తే ఎక్కువ ధర వస్తుంది కదా" అని కొందరు అడుగుతున్నారు. వాటికి ఎపాక్సీ రసాయనం కావాలి. అది చర్మానికి పడదు. ఫైబర్ దుమ్ము ఒంటికి దురద, ఊపిరికి చేటు. వంటా, పిల్లలూ ఉన్న ఇంట్లో చేసే పని కాదది.

లెక్క చెబుతాం. మాకు షీటు 2,100 రూపాయలు పడింది. బ్యాటుకు 58. కోత 20, గ్రిప్ 30, జిగురు, వార్నిష్, టేపు, ట్యూబు కలిపి 22. మొత్తం 130. మా కూలి 70 వేసుకుని 200. అమ్మకం 250. మిగిలిన 50 సంఘం ఖాతాకు. ఏడాదిలో 4 షీట్లు, 144 బ్యాట్లు చేశాం. 120 అమ్ముడయ్యాయి. కూలి కింద మనిషికి సుమారు 1,000 రూపాయలు వచ్చింది. ఇది పెద్ద మొత్తం అని మేము చెప్పడం లేదు.

ఎందుకంటే పెద్ద మొత్తం కూడా ఇంటి ముందుకు వచ్చింది. పట్నం నుంచి ఒక వ్యాపారి వచ్చి ఒకేసారి 500 బ్యాట్లు కావాలన్నారు. కమర్షియల్ ప్లైవుడ్డుతో చేయాలి, పైన ఆయనిచ్చే "కార్బన్" స్టిక్కరు అతికించాలి. కూలి లెక్కన 35,000. మనిషికి 3,500.

ఆ రాత్రి సమావేశం చాలాసేపు నడిచింది. ముగ్గురు చేద్దామన్నారు. ఒకరికి కూతురి కాలేజీ ఫీజు గడువు దగ్గర పడింది, ఒకరి బంగారం బ్యాంకులో ఉంది. "స్టిక్కరు ఆయనది, అమ్మేది ఆయన, మనకేంటి?" అన్నారు. వాళ్ళ అవసరం అబద్ధం కాదు. మాలో పెద్దావిడ ఒక్క మాట అడిగింది: "కొనే తల్లి కూడా మనలాంటిదే కదే. వానకు తడిసి పొరలు లేస్తే ఆ తల్లి ఎవర్ని తిట్టాలి?" చివరికి ఏడుగురు వద్దన్నారు. తీర్మానం పుస్తకంలో రాసి సంతకాలు పెట్టాం. ఫీజు కట్టాల్సిన చెల్లెలికి అదే రాత్రి సంఘం పొదుపు నుంచి అంతర్గత అప్పు ఇచ్చాం. వద్దని ఊరుకుంటే సరిపోదు, వద్దన్నందుకు నష్టపోయేవాళ్ళ చెయ్యి పట్టుకోవాలి కదా.

ఇప్పుడు ప్రతి బ్యాటు పిడి మీద "మెరైన్ ప్లైవుడ్డు, 6 మి.మీ." అని రాసి ఇస్తున్నాం. పెద్ద పోటీల్లో ఆమోదం పొందిన కంపెనీ బ్యాట్లే ఒప్పుకుంటారు, ఇవి బడికి, ఊరి ఆటకు, సాధనకు అని కొనేవాళ్ళకు ముందే చెబుతున్నాం. చెప్పాక కూడా కొంటున్నారు.

సమాఖ్యను రెండు కోరుతున్నాం. చెక్కపని చేసే సంఘాలన్నిటికీ కలిపి ప్లైవుడ్డు ఒకేసారి కొంటే ధర తగ్గుతుంది, ఆ ఏర్పాటు చేయండి. జిగ్‌సా మిషన్ మీద ఆడవాళ్ళకు శిక్షణ ఇప్పించండి, కోత కూలి కూడా మనకే మిగులుతుంది.

ఈ పని మొదలుపెట్టాలనుకునే సంఘాలకు మా మాట ఒక్కటే. మిషన్ కోసం అప్పు ముందే తేవద్దు. ఒక్క షీటు కొనండి, 36 చేయండి, మీ ఊరి బడి పిల్లల చేత ఆడించండి. ఏది విరిగిందో, ఏది నిలిచిందో చూసి రెండో షీటు కొనండి. చూసి నేర్చుకుంటామంటే మా ఊరికి రండి, దగ్గరుండి చూపిస్తాం.