విత్తనము కొనుటకు ముందు ఎవరి మాట నమ్మవలెను?

(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



వేరుసెనగ విత్తనమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని నన్ను పిలిచినారు. విత్తనమునకు పోవుటకు ముందు ఒక బాలుని ఆటను గూర్చి చెప్పుటకు అనుమతింపుడు.

గత వేసవి సెలవులలో మా ఇంటికి వచ్చిన మనుమడు కంప్యూటరులో ఆడుకొను వీడియో గేము నొకదానిని కొనదలచి, రెండు దినములు అదే విచారణలో మునిగియుండెను. దాని వెల ఒక బస్తా చెనిక్కాయల వెలకు మించదు. అయినను, ఆ ఆటను ఆడిచూచి అభిప్రాయము చెప్పిన నలుగురి మాటలను ఫోనులో విని, అందులో ఆకాశమున కెత్తి పొగడినవానిని విడిచి, గొణుగుచు లోపములు చెప్పుచున్న మరియొకని మాటను మరల మరల వినుచుండెను. "అంత బాగా చెప్పేవాణ్ణి వదిలిపెట్టి ఈ సణుగుడేందిరా?" అని అడిగితిని. వాడు తల యెత్తకయే, "ఆ కంపెనీవాళ్లు వానికి ఆట ఊరికే ఇచ్చినారంట తాతా. అదీగాక వాని కంప్యూటరు లక్ష రూపాయలది. మనదాంట్లో అది నడుస్తాదో లేదో వానికేం తెలుసు?" అనెను.

నాకు కొంత సిగ్గు కలిగినది. చెప్పువానికి దీనివలన కలుగు లాభమేమి, అతడు చూచిన పరిస్థితియు నా పరిస్థితియు ఒకటేనా అను రెండు ప్రశ్నలు పదునాలుగేండ్ల బాలునికి ఆట విషయమున తోచినవి. ఏడాది బ్రతుకును ఆధారము చేసికొని విత్తనము కొనునప్పుడు మనలో ఎందరము ఈ రెండు ప్రశ్నలను అడుగుచున్నాము?

ఆట బాగుండనిచో కట్టివేయవచ్చును. విత్తనము విషయమున అట్లు కాదు. మన అనంతపురపు మెట్ట పీఠభూమిలో సాలీనా కురియు సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. 2022 ఏప్రిలులో శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడినది గాని, మేఘము రెండు జిల్లాలకును ఒక్క రీతిగానే ముఖము చాటువేయుచున్నది. నేలలు పలుచని ఎఱ్ఱ నేలలు. పదును రెండు మూడు దినములకు మించి నిలువదు. గుత్తి రకములకు ఎకరమునకు సాధారణముగా 60 నుండి 80 కిలోల గింజలు పట్టును. పంట ఖర్చులో అన్నిటికంటె పెద్దది ఈ విత్తనపు ఖర్చే. మొలక రానిచో మరల విత్తుటకు డబ్బు దొరికినను పదును దొరకదు.

ఇప్పుడు మనకు సలహా చెప్పువారిని ఒక్కొక్కరిని చూతము.

మొదటివాడు అంగడి యజమాని. ఇతనిని అందరును నిందింతురు గాని, నేను అట్లు నిందింపను. రాత్రి ఎనిమిది గంటలకు పోయినను తలుపు తీసి మాటలాడువాడు అతడే. చేతిలో పైకము లేనప్పుడు అరువు ఇచ్చువాడు అతడే. హైదరాబాదులోని మేనేజ్ సంస్థ 2003 నుండి ఇట్టి వ్యాపారులకు వ్యవసాయ విస్తరణలో డిప్లొమా శిక్షణ నిచ్చుచున్నది; ఆ శిక్షణ పొంది శ్రద్ధగా చెప్పువారును కలరు. చిక్కు అతని గుణములో లేదు, ఆ అరువులో నున్నది. పాత బాకీ యున్న రైతు "ఈ సంచి వద్దు, ఆ సంచి కావలెను" అని గట్టిగా అనలేడు. అంగడిలో మిగిలిన సరుకు మొదట బాకీదారుని బండికే ఎక్కును. కావున అతని మాట వినుడు. కాని, ఏ రకము కొనవలెనో ఇంటివద్దనే నిశ్చయించుకొని, ఆ పిమ్మట అంగడికి పొండు.

రెండవవాడు పొరుగు రైతు. ఇతనికి లాభాపేక్ష లేదు, అబద్ధమాడడు, అతని పంట మన కంటి ముందే యున్నది. ఇంతకంటె నమ్మదగిన సాక్షి యెవడు? నేనును అట్లే తలచి ఒకప్పుడు నష్టపడితిని. మా చేనికి ఎగువనున్న రైతు ఒక క్రొత్త రకమును వేసి, చెట్టుకు కాయలు గుత్తులుగా చూపి, "నువ్వూ వేయి అన్నా" అని మనసార చెప్పెను. నేను వేసితిని. ఊడలు దిగు వరకు పైరు పచ్చగానే యుండెను. ఆ తరువాత ఇరువది దినములు చినుకు లేదు. అతడు బోరు నడిపి స్ప్రింక్లర్లతో రెండు తడులు ఇచ్చుకొనెను. నేను ఆకాశము చూచుచు కూర్చుంటిని. ఆ రకము పది దినములు ఆలస్యముగా కోతకు వచ్చునదట. నీరున్నవానికి ఆ పది దినములు లెక్కలోనివి కావు. నాకు ఆ పది దినములలోనే పంట పోయినది. అతడు నన్ను మోసగింపలేదు. అతడు చెప్పినది అతని చేనికి సత్యము. మీరు పొరుగువానిని అడుగునప్పుడు "ఎంత పండినది?" అను ప్రశ్నతో ఆగక, ఏ తేదీన విత్తినది, ఎన్ని తడులు ఇచ్చినది, ఎన్ని సంవత్సరములు వేసి చూచినది, కాయలు వ్యాపారి ఏ ధరకు కొన్నది, కట్టె పశువులు ఇష్టముగా తిన్నవా అని అడుగవలెను. ఒక్క మంచి వానకాలములో పండినదానిని చూచి ఒక రకమునకు యోగ్యతా పత్రము వ్రాసి యిచ్చుట మన ప్రాంతమునకు తగదు.

కంటికి కనబడినదియు ఒక్కొక్కప్పుడు తప్పుదారి పట్టించును. 2000 సంవత్సరపు ఖరీఫును పెద్దలు మరచియుండరు. ఆ యేడు అనంతపురము జిల్లాలో దాదాపు 2,25,000 హెక్టార్లలో వేరుసెనగ పైరు కొనలు ఎండి, కాండము నల్లబడి చచ్చినది. చూపునకు అది మనకు తెలిసిన మొవ్వుకుళ్ళు తెగులును పోలియుండెను. పరిశోధకులు మొక్కలను ప్రయోగశాలలో పరీక్షించిన మీదట అది వేరొక వైరస్ అనియు, పొగాకు చారల వైరస్ అనునదియే కారణమనియు తేలినది. గట్లమీద పెరుగు వయ్యారిభామ మొక్కలో ఆ వైరస్ ఏ లక్షణమును చూపక దాగియుండును. ఆ మొక్క పుప్పొడిని మోసికొని వచ్చు తామర పురుగుల వలన పైరునకు సోకును. సోకిన మొక్కను బ్రతికించు మందు ఏ సీసాలోను లేదు. చేయదగినది గట్లమీది వయ్యారిభామను పూతకు ముందే పెరికివేయుట, చేను చుట్టు జొన్న గాని సజ్జ గాని నాలుగు వరుసలు విత్తుట, విత్తన శుద్ధి చేయుట. వీనిలో మొదటి రెండింటికి అంగడితో పని లేదు. అంగడితో పని లేని సలహాను మనకు చెప్పుటకు ఎవరికి తొందర యుండును, చెప్పుడు!

మూడవవారు శాస్త్రజ్ఞులు. కదిరి పరిశోధన స్థానమునుండి వచ్చిన కదిరి-6, కదిరి లేపాక్షి మున్నగు రకములు మీకు క్రొత్తవి కావు. అయినను పరిశోధన క్షేత్రమున సకాలమున విత్తి, సకాలమున కలుపు తీసి, కొలిచి చూపిన దిగుబడి మన చేనిలో అట్లే వచ్చునని తలచరాదు. ఈ సంగతి శాస్త్రజ్ఞులకును తెలియును. తమిళనాడులోని తిండివనములో రూపొంది 1940లో విడుదలైన టి.ఎం.వి.-2 రకమును మన రైతులు అరువది యేండ్లకు పైగా విడువలేదు. ఎన్నో క్రొత్త రకములు వచ్చినను పాతదానినే పట్టుకొనియుండుట మూఢత్వమని కొందరు అనిరి. నేను అట్లు తలపను. కరవులో నిలిచిన సాక్ష్యము దానికి ఉండెను, క్రొత్తవానికి లేకుండెను. ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు ఐ.సి.జి.వి. 91114 అను రకమును మన జిల్లా రైతుల చేలలోనే, రైతుల చేతనే, టి.ఎం.వి.-2 ప్రక్కన వేయించి చూపిరి. త్వరగా కోతకు వచ్చుట, బెట్టను ఓర్చుకొనుట, కట్టె మేతకు మేలగుట రైతులు తమ కన్నులతో చూచి కోరిన పిమ్మట 2006లో అది మన జిల్లాకు విడుదలైనది. పాతదానిని క్రొత్తదానిని ఒకే చేనిలో, ఒకే వానకు, ప్రక్క ప్రక్కన వేసి చూపిన పరీక్ష కంటె విలువైన అభిప్రాయము నాకు తెలిసినంతలో లేదు.

నాలుగవవాడు ఫోనులో కనబడు మనిషి. ఇతడు తలపాగా చుట్టుకొని, ఏపుగా పెరిగిన పైరులో నిలిచి, మన యాసలోనే మాటలాడును. ఆ చేను ఏ జిల్లాదో, క్రింద నల్లనేల యున్నదో, బిందు సేద్యపు గొట్టము లున్నవో చెప్పడు. సంచి ఊరకే వచ్చినదో, మాటలాడుటకు పైకము ముట్టినదో అంతకంటె చెప్పడు. తప్పుదారి పట్టించు ప్రకటనల నివారణకై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూనులో మార్గదర్శకములను ప్రకటించెను. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ సామాజిక మాధ్యమములలో సరుకులను మెచ్చుకొనువారి కొరకు సూచనలను వెలువరించెను. వీని ప్రకారము పైకము గాని, కానుక గాని, ఉచితముగా సరుకు గాని పుచ్చుకొన్నవాడు ఆ సంగతిని చూచువారికి స్పష్టముగా తెలియజేయవలెను. నియమము మంచిదే. కాని మన పల్లెలో ఒకరి ఫోనునుండి మరియొకరి ఫోనునకు ముక్కలుగా పాకి వచ్చు దృశ్యములో ఆ మాట కోసివేయబడి యుండవచ్చును. మీ యువకులను ఒక్క ప్రశ్న అడుగుడని కోరుచున్నాను: ఈ మనిషి ఇంతవరకు ఏ విత్తనమునైనను బాగులేదని చెప్పినాడా?

ఎవరి మాటపై ఆధారపడక మనమే తెలిసికొనదగినది కొంత కలదు. ధ్రువీకృత విత్తనపు సంచికి నీలి చీటీ యుండును. అట్టి వేరుసెనగకు నూటికి 70 గింజలు మొలకెత్తవలెనని కనీస ప్రమాణము. సంచిలో పై భాగము, నడుమ, అడుగు, మూడు చోట్లనుండి తీసి నూరు గింజలను లెక్కించి, తడిపిన గోనెపట్టాపై వరుసగా పరచి, చుట్టి, నీడలో నుంచి, ఆరకుండ నీరు చిలుకరింపుడు. పదవ దినమున విప్పి లెక్కింపుడు. ఇది మొలకను తెలుపునే గాని రకము అసలైనదో కాదో తెలుపదు. అందులకు చీటీ, రసీదు, ముద్రించిన లాటు సంఖ్య, వీనినే ఆశ్రయింపవలెను. విత్తనముల నియంత్రణ ఉత్తర్వు, 1983 ప్రకారము రసీదు ఇచ్చుట వ్యాపారి విధి. అడుగుట మర్యాద తప్పుట కాదు.

ఆ కాగితము విలువ యెంతటిదో మన రాష్ట్రపు రైతులే దేశమునకు చూపిరి. లోపము గల విత్తనము వలన నష్టపడిన ఆంధ్రప్రదేశ్ రైతులు వినియోగదారుల న్యాయస్థానముల కెక్కగా, విత్తన చట్టము వేరుగా నున్నది గావున అక్కడికి రాకూడదని జాతీయ విత్తన సంస్థ వాదించెను. 2012 జనవరిలో సుప్రీము కోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చి, రైతు వినియోగదారుడే యని తీర్పు చెప్పెను. తగాదా వచ్చునని ముందే ఊహించి రైతు కొంత విత్తనమును పరీక్షకై దాచియుంచునని ఎదురుచూడరాదనియు పలికెను. అయినను నా మాట వినుడు, గుప్పెడు గింజలను చీటీతో సహా డబ్బాలో దాచుడు.

73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములలో మొట్టమొదటిది వ్యవసాయము, వ్యవసాయ విస్తరణ. కావున ఒక పుస్తకము తెరచి, గ్రామములో కొన్న విత్తనముల వివరములను వ్రాయించుడని కోరుచున్నాను. మరియొక పని కూడ కలదు. బోరు లేని ఒక మెట్ట చేనిలో పాత రకము, క్రొత్త రకము చెరి నాలుగు సాళ్లు విత్తించి, కోతనాడు గ్రామస్థుల యెదుట తూపింపుడు. ఇందులకు అగు ఖర్చు స్వల్పము.

ఈ మాటలు మరియొక చోట చెప్పినప్పుడు ఒక మహిళా సభ్యురాలు లేచి, "పుస్తకంలో అంగడోని పేరు రాస్తే రేపు ఊర్లో తగవు రాదా సార్? మాకు అప్పు పుట్టేది ఆయన దగ్గరేనే" అని అడిగినది. ఆమె అడిగినది నిజము. నేను అప్పుడు చెప్పిన సమాధానమునే మీకును చెప్పుచున్నాను. పేరు వ్రాయనక్కరలేదు, మంచిది చెడ్డది అని తీర్పును వ్రాయనక్కరలేదు. రకము, లాటు సంఖ్య, కొన్న తేదీ, గోనెపట్టాలో నూటికి మొలచినవి ఎన్ని, ఆ చేనికి నీటి వసతి కలదా లేదా, కోతలో ఎకరమునకు ఎన్ని బస్తాలు, ఇంతమాత్రము వ్రాసి, ఉగాది దాటిన తరువాత వచ్చు మొదటి గ్రామసభలో, వానలకు ముందే, ఆ పుటలను బిగ్గరగా చదివింపుడు.