పొంగే రాయి – ఇంధనాల కథ

(జగిత్యాలలో జరిగిన మన సంఘం సర్వసభ్య సమావేశంలో ఒక విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుని ప్రసంగ పాఠం)



డి.ఎ. సంగతి, హెల్త్ కార్డుల సంగతి కార్యదర్శిగారు చెప్పేశారు. నన్ను మాత్రం 'సైన్సు చెప్పండి, కానీ ఎవరినీ నిద్రపుచ్చకండి' అన్నారు. ప్రయత్నిస్తాను.

ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి. 'ఉత్ప్రేరకం చర్య వేగాన్ని పెంచును, తాను మాత్రం చర్యలో పాల్గొనదు' అని ఇరవై ఎనిమిదేళ్లు పిల్లలచేత రాయించాను. ఇక్కడున్నవారి పిల్లలు కూడా ఆ వాక్యం రాసి మార్కులు తెచ్చుకున్నవారే. సిరిసిల్లలో సాంచాలు నడిపే ఇంటి నుండి వచ్చిన శిష్యుడొకడు పై చదువులు చదివి రిఫైనరీలో చేరాడు. ఓసారి దసరా సెలవులకు వచ్చి, చాయ్ తాగుతూ మెల్లగా అన్నాడు: "సార్, మీరు చెప్పింది సగమే. అది పాల్గొంటుంది. పాల్గొని చివరికి మళ్లీ బయటపడుతుంది. మా దగ్గరైతే కొన్ని సెకండ్లలోనే నల్లబడి అలసిపోతుంది, కాల్చి తెల్లగా చేసి మళ్లీ పనిలో పెడతాం." నాకు సిగ్గనిపించింది. ఆ తరువాతే మళ్లీ పుస్తకాలు పట్టాను.

వాడు చెప్పిన వస్తువు పేరు జియోలైటు. 1756లో క్రోన్‌స్టెట్ అనే స్వీడన్ ఖనిజ శాస్త్రవేత్త ఒక రాయిని వేడి చేస్తే, అది పాలు పొంగినట్టు నురగ కట్టింది. గ్రీకు భాషలో 'పొంగే రాయి' అని అర్థం వచ్చేలా పేరు పెట్టాడు. లోపల దాగిన నీరే ఆ పొంగుకు కారణం. పుణె, నాసిక్ వైపు దక్కను నల్లరాతి బొరియలలో ఇవి అందమైన స్ఫటికాలుగా దొరుకుతాయి. కర్మాగారాలలో వాడేవి మాత్రం చాలావరకు తయారు చేసినవే.

సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్ కలిసి కట్టిన ఇల్లు ఇది. ఇంటినిండా సన్నని దారులు, అన్నీ ఒకే కొలత. మన ఇంటి జల్లెడలో ఒక కన్ను పెద్దది, ఒకటి చిన్నది ఉండవచ్చు. ఇందులో ఆ తేడా ఉండదు. కోరుట్లలో బీడీలు చేసే అమ్మలు కొలత రేకు పెట్టి ఆకు కత్తిరిస్తారు చూడండి, రేకును మించి ఆకు రాదు. అలాగే ఈ దారి కొలతను మించిన అణువు లోపల పుట్టినా బయటకు రాలేదు. 1960ల నుండి చమురు శుద్ధిలో వాడుతున్న వై రకం జియోలైటు దారి 7.4 ఆంగ్‌స్ట్రాములు. మోబిల్ కంపెనీవారు 1972లో పేటెంటు పొందిన జడ్.ఎస్.ఎం.-5 దారి సుమారు 5.5. మిల్లీమీటరులో కోటో వంతు ఒక ఆంగ్‌స్ట్రాము. రెండింటికీ తేడా రెండు కోటో వంతులే, కానీ దానిమీదే కోట్ల వ్యాపారం నడుస్తోంది.

ఇక ఓలిఫిన్లు. రెండు కార్బన్ పరమాణువులు ఒకదాన్నొకటి రెండు చేతులా పట్టుకుంటే ఓలిఫిన్. ఒక చేయి వదిలి పక్కవాడిని పట్టుకోవడానికి ఎప్పుడూ సిద్ధమే. జియోలైటులో అల్యూమినియం ఉన్నచోట ఆమ్ల గుణం ఉంటుంది. ఆ చేతిని వదిలించేది అదే.

గ్యాసు కనెక్షన్ కోసం పేరు రాసుకొని ఏళ్లతరబడి ఎదురుచూసిన రోజులు మీకు గుర్తే. 1999లో దీపం పథకం వచ్చాక పల్లెల్లోనూ సిలిండర్లు కనిపించాయి. దానికి జియోలైటే కారణమనను, దిగుమతులున్నాయి, ఇంకా చాలా ఉన్నాయి. అయితే విశాఖ రిఫైనరీలో ఉన్నటువంటి ఎఫ్.సి.సి. యూనిట్లలో మామూలు ఉత్ప్రేరకానికి కాస్త జడ్.ఎస్.ఎం.-5 కలిపితే, పెట్రోలులోని సన్నని ఓలిఫిన్లు ఇరుకు దారిలో దూరి ప్రొపిలీన్, బ్యూటిలీన్‌లుగా విరుగుతాయి. పెట్రోలు కొంత తగ్గి గ్యాసు పెరుగుతుంది.

ఇప్పుడు వింత చూడండి. విరగ్గొట్టే ఆ రాయే అతికిస్తుంది కూడా. 500 డిగ్రీలు దాటితే విరుగుడు, వేడి 200-300కు తగ్గించి ఒత్తిడి బాగా పెంచితే అతుకుడు. చిన్న ఓలిఫిన్లు గొలుసులై పెట్రోలు, డీజిలు అవుతాయి. దక్షిణాఫ్రికాలోని మోసెల్ బే కర్మాగారంలో 1990లలో ఈ పద్ధతిని పెద్ద ఎత్తున పెట్టారు.

చిక్కంతా ఇక్కడే. పెట్రోలుకు కొమ్మలున్న అణువు కావాలి, డీజిలుకు నిటారు గొలుసు కావాలి. దారిలోపల అతికినవి నిటారుగా వస్తాయి. స్ఫటికం బయటి తలం మీద అతికినవి మాత్రం ఇష్టమొచ్చినట్టు కొమ్మలు వేస్తాయి, అక్కడ అడ్డుగోడ లేదు కదా! అందుకని లోపలికి దూరలేని లావుపాటి క్షార అణువులతో బయటి ఆమ్లాన్ని మాత్రమే నోరు మూయిస్తారు. స్ఫటికం చిన్నదైతే అణువు త్వరగా బయటపడుతుంది, మసి కట్టడం తగ్గుతుంది. కానీ బయటి తలం పెరుగుతుంది. ఒకటి సరిచేస్తే మరొకటి బెడుస్తుంది. మన ఆఫీసు ఫైళ్లు గుర్తుకు రావడం లేదూ?

సిరిసిల్లవారికి ఒక మాట. మీ సాంచాల మీద నడిచే పాలిస్టర్ నూలుకు మూలం పారాజైలీన్. జైలీన్లు మూడు రకాలు. సన్నగా ఉండే పారా రకమే ఈ ఇరుకు దారిలో సులువుగా నడుస్తుంది. పుణె నేషనల్ కెమికల్ లేబొరేటరీలో పాల్ రత్నసామిగారి బృందం తయారుచేసిన జియోలైటును 1980లలోనే బరోడాలో జైలీన్ల పనికి వాడారు.

కోరుట్ల, మెట్‌పల్లి వైపు వారికి ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ గురించి నేను చెప్పేదేముంది! 2015 డిసెంబరులో అది మూతపడినప్పుడు మా బంధువుల చెరుకు కూడా పొలంలోనే నిలిచింది. చెరుకు మడ్డి నుండి ఆల్కహాలు, ఆల్కహాలు నుండి ఎథిలీన్, ఎథిలీన్‌ను అతికిస్తే విమాన ఇంధనం. ఇది ఊహ కాదు. అమెరికాలో జార్జియా రాష్ట్రంలో ఆల్కహాలు నుండి విమాన ఇంధనం చేసే కర్మాగారాన్ని 2024 జనవరిలో ప్రారంభించారు. మన దేశం కూడా అంతర్జాతీయ విమానాలలో ఇలాంటి ఇంధనం 2027లో 1 శాతం, 2030 నాటికి 5 శాతం కలపాలని లక్ష్యం పెట్టుకుంది. అయితే లెక్క చూడండి. కిలో ఆల్కహాలు నుండి ఎంత బాగా చేసినా 610 గ్రాములకు మించి ఎథిలీన్ రాదు, మిగిలింది నీరే. పైగా ఎథిలీన్ మొండిది, ఆమ్లానికి తేలిగ్గా లొంగదు, నికెల్ తోడు కావాలి. చెరుకుకు కావలసిన నీళ్ల లెక్క వేరే. ఫ్యాక్టరీ తెరిస్తే మొదట సంతోషించేవాడిని నేనే, కానీ నీళ్ల లెక్క చూపించకుండా ఇంధనం పేరు చెబితే నమ్మను.

మొన్న ఆ శిష్యుడికి ఫోను చేసి ఈ ప్రసంగం చదివి వినిపించాను. "పాల్గొనదు అన్నది తీసేశారు కదా సార్?" అన్నాడు.

ఇప్పుడు మీ మధ్యకు ఒక సీసా పంపుతున్నాను. అందులోవి 3-ఎ రకం జియోలైటు గింజలు. పెట్రోలులో కలిపే ఆల్కహాలులో మిగిలిన నీటిని పీల్చేవి ఇవే. నీటి అణువు దూరుతుంది, ఆల్కహాలు దూరదు. నాలుగంటే నాలుగు గింజలు అరచేతిలో వేసుకొని రెండు చుక్కల నీళ్లు చల్లండి, వెచ్చబడతాయి. మూత మాత్రం వెంటనే పెట్టండి, లేకపోతే వెనుక వరుసవారి దగ్గరకు చేరేసరికి ఈ హాలులోని తేమంతా తాగి కూర్చుంటాయి.