ఛార్జింగ్ వేగం, బ్యాటరీ మన్నిక

విద్యుత్ స్కూటరుకైనా కారుకైనా అన్నింటికంటే ఖరీదైన భాగం బ్యాటరీయే కాబట్టి, త్వరగా ఛార్జ్ చేస్తే అది త్వరగా పాడవుతుందా అన్న సందేహం కొనేవారికి సహజంగానే కలుగుతుంది. వేగం ఎంత, ఆ సమయానికి బ్యాటరీ ఎంత వేడిగా ఉంది, ఎంతమేరకు నిండి ఉంది అన్న మూడింటినీ కలిపి చూస్తేనే దీనికి సరైన సమాధానం దొరుకుతుంది.

1991లో సోనీ సంస్థ తొలిసారి మార్కెట్లోకి తెచ్చిన లిథియం అయాన్ బ్యాటరీయే అనేక మార్పులు పొంది నేటి వాహనాలలో పనిచేస్తున్నది. ఇందులోని ప్రతి సెల్‌లోనూ రెండు ధ్రువాలు, వాటి మధ్య విద్యుద్విశ్లేష్యం అనే ద్రవం ఉంటాయి. ఛార్జింగ్ పెట్టినప్పుడు లిథియం అయాన్లు, అంటే ధనావేశం పొందిన లిథియం పరమాణువులు, ధన ధ్రువాన్ని విడిచి, ఆ ద్రవంలో ప్రయాణించి, ఋణ ధ్రువంగా ఉన్న గ్రాఫైట్‌లోకి చేరతాయి. గ్రాఫైట్ విస్తరాకుల కట్ట వంటిది. దాని పలుచని కర్బన పొరల సందుల్లో, పూర్తిగా నిండినప్పుడు, ఆరు కర్బన పరమాణువులకు ఒకటి చొప్పున లిథియం సర్దుకుంటుంది. వాహనం నడిచేటప్పుడు అవే అయాన్లు వెనక్కి మళ్లుతాయి. ఈ రాకపోకలకు పనికివచ్చే లిథియం కర్మాగారంలో సెల్‌ను మూసిననాడు ఎంత ఉందో అంతే. ఆ తరువాత తరగడమే కాని పెరగడం ఉండదు.

ఛార్జింగ్ వేగాన్ని బ్యాటరీ పరిమాణంతో పోల్చి చెప్పే కొలతను సి-రేటు అంటారు. ఒక గంటలో నిండే వేగం 1సి. 30 యూనిట్ల కారు బ్యాటరీని 3.3 కిలోవాట్ల ఇంటి ఛార్జరుకు తగిలిస్తే ఆ వేగం 1సిలో తొమ్మిదో వంతు మాత్రమే కాగా, 50 కిలోవాట్ల ఫాస్ట్ ఛార్జరు వద్ద అది 1.6సిని దాటుతుంది.

వేగం మితిమీరితే జరిగే నష్టాలు ప్రధానంగా రెండు. మొదటిది, గ్రాఫైట్ పొరల్లోకి చొరబడే వేగం కన్నా అయాన్లు వచ్చి చేరే వేగం ఎక్కువైనప్పుడు, అవి లోపలికి దారి దొరకక ఉపరితలం మీదే లోహపు పూతగా పేరుకుంటాయి. ఆ పూతలో కొంత భాగం మళ్లీ వాడకానికి రాదు. చలిలో అయాన్ల కదలిక మందగిస్తుంది కాబట్టి, లంబసింగి వంటి చోట శీతకాలపు వేకువన ఈ ముప్పు ఎక్కువ. రెండవది వేడి. కరెంటు రెట్టింపైతే సెల్ అంతర్నిరోధంలో వేడి పుట్టే రేటు నాలుగు రెట్లవుతుంది. గ్రాఫైట్‌ను కాపాడుతూ దాని మీద ఒక సన్నని పొర సహజంగానే ఏర్పడి ఉంటుంది. వేడిమి పెరిగినకొద్దీ ఆ పొర మందమవుతూ, ద్రవాన్నీ లిథియాన్నీ తనలోకి లాగేసుకుంటుంది. 45 డిగ్రీలు తాకే రామగుండం, రెంటచింతల ఎండల్లో ఈ అరుగుదల బండి కదలకుండా నిలిపి ఉంచినప్పుడూ సాగుతుంది.

సందులు నిండేకొద్దీ ఖాళీ వెదుక్కోవడం అయాన్లకు కష్టమవుతుంది. అందుకే బ్యాటరీని అనుక్షణం కనిపెట్టి ఉండే నియంత్రణ వ్యవస్థ, సాధారణంగా 80 శాతం దాటేసరికి, కరెంటును తానే తగ్గిస్తుంది. ఫాస్ట్ ఛార్జరు వద్ద చివరి 20 శాతం నత్తనడక నడవడానికి కారణం ఛార్జరు లోపం కాదు, సెల్‌కు జరుగుతున్న రక్షణ.

వీటన్నింటినిబట్టి ఇంట్లో పాటించవలసినవి తేలికైనవే. రోజువారీ అవసరానికి రాత్రిపూట నిదానంగా ఛార్జ్ చేసుకొని, ఫాస్ట్ ఛార్జింగ్‌ను దూరప్రయాణాలకు ఉంచుకోవడం మేలు. మిట్టమధ్యాహ్నం తిరిగివచ్చిన బండిని నీడన నిలిపి, చల్లబడిన తరువాతే ప్లగ్గు పెట్టాలి. నికెల్ ఆధారిత బ్యాటరీలను నిత్యం నూరు శాతం నింపి ఉంచకపోవడం మంచిది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం విషయంలో అప్పుడప్పుడు పూర్తిగా నింపమని కొందరు తయారీదారులే సూచిస్తారు కాబట్టి, బండితో వచ్చిన పుస్తకాన్నే ప్రమాణంగా తీసుకోవాలి.

అత్యవసరమై ఒకనాడు వేగంగా ఛార్జ్ చేసినందువల్ల బ్యాటరీ ఆయుష్షు తీరిపోదు. కాని పూతగా పేరుకొనో, పొరలో చిక్కుకొనో పోయిన లిథియాన్ని ఏ ఛార్జరూ తిరిగి ఇవ్వలేదు గనుక, తొందర లేని రాత్రి కూడా తొందరపెట్టడం తెచ్చిపెట్టుకున్న నష్టమే అవుతుంది.