బొగ్గుబాయిలో ఓటుంది, క్యాంపస్‌లో ఏది?

(జనగామలో విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



1952 ముల్కీ ఉద్యమంలో విద్యార్థి ముందున్నాడు. ఆ విద్యార్థుల్లో ఒకరే మన జయశంకర్ సార్. 1969లో విద్యార్థి ముందున్నాడు, తూటాలకు ఎదురు నిలిచాడు. 2009లో ఉస్మానియా, కాకతీయ క్యాంపస్‌లే ఉద్యమానికి గుండెకాయలు. 2011లో ఉద్యోగులు సకల జనుల సమ్మెను 42 రోజులు నడిపారు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. కానీ రాష్ట్రం తెచ్చిన విద్యార్థికి తన యూనివర్సిటీలో మాత్రం ఓటు లేదు. ఈ ఒక్క మాట అడగడానికే వచ్చాను.

భూపాలపల్లి మిత్రులకు బాగా తెలుసు. సింగరేణిలో 1998 నుండి కార్మికులు రహస్య ఓటుతో గుర్తింపు సంఘాన్ని ఎన్నుకుంటున్నారు. 2023 డిసెంబర్‌లో కూడా ఓటేశారు. బాయిలో దిగే తండ్రికి ఓటుంది. కాకతీయలో చదివే కొడుక్కి లేదు. తండ్రికి ఉన్న తెలివి కొడుక్కి లేదా?

1980ల చివరలో క్యాంపస్ హింస పేరు చెప్పి ఉమ్మడి రాష్ట్రంలో విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆపేశారు. ఆపింది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, సరే. ఆపిన దాన్ని మళ్లీ తెరవాల్సింది ఎవరు? మన ప్రభుత్వాలే గదా! హింస భయం ఉంటే దానికీ మందు ఉంది. 2006లో లింగ్డో కమిటీ ఖర్చుకు 5,000 రూపాయల పరిమితి పెట్టింది, హాజరు నిబంధన పెట్టింది, విద్యా సంవత్సరం మొదలైన ఆరు నుంచి ఎనిమిది వారాల్లో ఎన్నికలు పెట్టమంది. సుప్రీంకోర్టు కూడా అమలు చేయమంది. హైదరాబాద్‌లోనే ఉన్న కేంద్ర విశ్వవిద్యాలయంలో విద్యార్థులు ఓటేసి సంఘాన్ని ఎన్నుకుంటున్నారు. అదే నగరంలోని ఉస్మానియాలో మాత్రం ఎందుకు కాదు?

కొందరంటారు, రాష్ట్రమే వచ్చింది, ఇంకేం స్వపాలన అని. బ్రిటన్‌లో వేల్స్ సంగతి చూడండి. అక్కడ విద్యార్థులు 1974లోనే తమ సంఘాలకు వేల్స్ పేరుతో సమాఖ్య పెట్టుకున్నారు. 1979లో ప్రజాభిప్రాయ సేకరణలో స్వపాలన ఓడిపోయింది. 1997లో 50.3 శాతంతో గట్టెక్కింది. 1999లో వచ్చిన అసెంబ్లీకి సొంతంగా పూర్తి చట్టాలు చేసే అధికారం లేదు. మళ్లీ అడిగి 2011లో తెచ్చుకున్నారు. 2012లో ఇంగ్లండులో కాలేజీ ఫీజు ఏడాదికి 9,000 పౌండ్ల దాకా పెరిగితే, తమ పిల్లల మీద పడే పెరిగిన భారాన్ని వేల్స్ ప్రభుత్వమే మోసింది. 2021 ఎన్నికల్లో 16 ఏళ్ల పిల్లలకూ ఓటు ఇచ్చింది. అక్కడ స్వపాలన పిల్లవాడి ఫీజు దాకా, ఓటు దాకా దిగింది.

ఇక్కడ ఏం జరిగింది? ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం 2025లో ప్రైవేటు కాలేజీలే బంద్‌కు దిగాయి. మధ్యలో నలిగింది విద్యార్థి. అతని తరఫున మాట్లాడే ఎన్నికైన ప్రతినిధి ఒక్కడూ లేడు. సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరిలో ముగిస్తే, 2025 డిసెంబర్ దాకా ఊళ్లు ప్రత్యేకాధికారుల చేతిలో ఉన్నాయి. ఊరైనా, క్యాంపస్ అయినా జబ్బు ఒక్కటే. అధికారం హైదరాబాద్‌లో ఆగిపోతుంది, కిందికి దిగదు.

పళ్లు లేని అధికారం ఎట్లుంటదో మనకు ఎవరూ చెప్పనక్కర లేదు. 1956 పెద్దమనుషుల ఒప్పందం ప్రకారం ప్రాంతీయ కమిటీ వచ్చింది. సలహా ఇచ్చేది, అమలు కాకపోతే చూస్తూ కూర్చునేది. 1973లో ఆరుసూత్రాల పథకంతో అదీ పోయింది. అడిగేవాళ్లు లేని హక్కు కాగితం మీదే ఉంటుంది. అడిగినవాళ్లకు వస్తుంది కూడా. 2016లో మొదటి ముసాయిదాలో జనగామ జిల్లా లేదు. మీరు రోడ్డెక్కారు, అక్టోబర్ 11న జిల్లా వచ్చింది.

అందుకే అడుగుదాం. కాకతీయలో, ఉస్మానియాలో రహస్య ఓటుతో ఎన్నికలు పెట్టాలె. జనగామ, మానుకోట, భూపాలపల్లి డిగ్రీ కాలేజీల దాకా ఆ ఓటు రావాలె. ఏ పార్టీ జెండా పట్టినా సరే, ఈ ఒక్క డిమాండ్ మీద అన్ని సంఘాలు ఒక్క జేఏసీ కావాలె. ఉద్యోగ మిత్రులారా, సమ్మెలో మీ వెంట నిలబడ్డ పిల్లల వెంట ఇప్పుడు మీరు నిలబడండి.

జై తెలంగాణ!