యాత్రలో పట్ట చినిగితే
(పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



శ్రీశైలం మనకు ఇంటి ముంగిలి. దోర్నాల మీదుగా పొద్దున పోయి, రాత్రి ఘాటు గేటు మూసేలోగా తిరిగి రావచ్చు. కాశీ యాత్ర అలా కాదు. బస్సు మాట్లాడుకొని, వంటమనిషిని, గ్యాసు పొయ్యిని, బియ్యం మూటలను వెంటబెట్టుకొని పోతాం. దారిలో బస్సు ఆపి, పై క్యారియరుకు టార్పాలిన్ పట్ట ఒక అంచు కట్టి, రెండో అంచును రెండు కర్రల మీద నిలబెట్టి తాళ్ళు లాగుతాం. వంటా భోజనమూ దాని నీడనే. ఆ పట్ట గురించే నాలుగు మాటలు మనవి చేస్తాను.

2018 మే నెలలో మేము వెళ్ళినప్పుడు ఆదిలాబాద్, పెన్‌గంగ దాటి హింగన్‌ఘాట్ దగ్గర మధ్యాహ్నం ఆగాము. అన్నం వార్చే వేళకు ఈదురుగాలి లేచింది. పట్ట తెరచాపలా ఉబ్బింది. మూల రింగు ఊడి, మూరెడు మేర చినిగింది. అది షామియానా షాపులో నా సంతకం మీద అద్దెకు తెచ్చిన పట్ట. ఏళ్ళ తరబడి స్టాకు రిజిస్టరు రాసిన చెయ్యి ఊరుకుంటుందా? పోయి కర్రను రెండు చేతులా పట్టుకున్నాను. గాలి నన్ను కర్రతో సహా పక్కకు విసిరింది. కర్ర కొస వంటమనిషి చెవి పక్కగా పోయి, కాగుతున్న సాంబారు గిన్నెకు తగిలింది. దేవుడి దయవల్ల గిన్నె ఒరిగిందే గాని పడలేదు. మా ఆవిడ కేకేసింది: "పట్ట పోతే కొనుక్కుందాం. మీ కాలో చెయ్యో పోతే ఏ షాపులో తెచ్చేదండీ?"

ఆ మాటతో నాకు పని వరుస తెలిసింది. మొదట పొయ్యి ఆర్పి, సిలిండరు కట్టేయాలి. అందరినీ బస్సులోకి ఎక్కించాలి. కర్ర పట్టుకోరాదు. ఎడంగా నిలబడి మేకుల దగ్గర తాళ్ళు విప్పితే కర్రలు పడిపోయి పట్ట బస్సుకు వేలాడుతుంది. గాలిలో, కరెంటు తీగల కింద ఎవరినీ బస్సు పైకి ఎక్కించరాదు. వేలాడే పట్టతో బస్సు కదలనివ్వరాదు. అది చక్రంలో చిక్కవచ్చు, ఎదుటి వాహనానికి తగలవచ్చు.

గాలి తగ్గాక మరమ్మతు. రింగు పోయిన మూలలో గులకరాయి పెట్టి, బట్టను మూటలా దగ్గరకు లాగి, దాని మెడకు తాడు బిగించాలి. కల్లంలో మిరపకాయల మీద పట్ట కప్పే రైతులకు ఇది తెలిసిన విద్యే. గుడ్డ పట్టయితే చినుగు అంచులు మడిచి దబ్బనంతో, పురికొసతో కుట్టవచ్చు. ప్లాస్టిక్ పట్ట కుట్టిన చోటే మళ్ళీ చినుగుతుంది. దానికి రెండు వైపులా టేపు అంటించడమే మేలు. తాడు చివర పాత సైకిలు ట్యూబు ముక్క కడితే గాలి గుంజినప్పుడు అది సాగి, పట్ట మీద లాగుడు తగ్గుతుంది. ఒక మూల కాస్త కిందికి కడితే వాన నీళ్ళు నిలవకుండా జారిపోతాయి. ఆ పట్టతోనే కాశీ చేరి, తిరిగి వచ్చాము.

ఊరికి వచ్చాక చినుగు దాచలేదు. షాపాయనకు చూపించి, నష్టం కట్టి, తలా కొంత పంచుకున్నాము.

చివరగా ఒక గుమాస్తా మాట. యాత్ర లెక్కలో వెళ్ళిన తలలు, తిరిగొచ్చిన తలలు సరిపోవాలి. తక్కిన తేడా ఎంతైనా కొట్టివేత పద్దులో రాసుకోవచ్చు.