ఫైలకా దీవి: కూల్చే ముందు ఒకసారి తట్టి చూద్దాం

ఈ ఎపిసోడ్‌లో మాట్లాడమని అడిగినప్పుడు, "నాకు తెలిసిందల్లా సిమెంటూ, ఇనుమూ. నేనేం మాట్లాడతానన్నా?" అన్నాను. "అదే మాట్లాడు" అన్నారు. సరే, అదే మాట్లాడతా. నాది రాజంపేట వైపు. ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చేశాను. కువైట్‌కొచ్చి ఇరవై ఏళ్ళు కావస్తోంది, ఇప్పుడు సైట్ సూపర్‌వైజర్‌ని.

ఈరోజు విషయం ఫైలకా దీవి. ఇక్కడివాళ్ళు ఫైలిచా అంటారు. కువైట్ సిటీ నుంచి సముద్రంలోకి సుమారు 20 కిలోమీటర్లు. మనవాళ్ళు చాలామంది ఏళ్ళ తరబడి ఇక్కడే ఉండి కూడా ఆ దీవి గడప తొక్కలేదు. నేను సెలవు రోజుల్లో రెండుసార్లు పడవ మీద వెళ్ళొచ్చాను, అదీ చూడ్డానికే. అక్కడ ఏ ప్రాజెక్టులోనూ నేను పనిచేయలేదు, ముందే చెప్తున్నా.

ముందు కొంచెం చరిత్ర. నాలుగు వేల ఏళ్ళ కిందట దిల్మున్ అనే నాగరికతకు ఇదొక స్థావరం. తర్వాత అలెగ్జాండర్ కాలం నుంచి గ్రీకులు దీన్ని ఇకారోస్ అని పిలిచారు. వాళ్ళు కట్టిన కోట, గుడి పునాదులు ఇప్పటికీ ఉన్నాయి. 1958లో డెన్మార్క్ నుంచి వచ్చిన పురావస్తు బృందం తవ్వకాలు మొదలుపెట్టాక ఇవన్నీ లోకానికి తెలిశాయి. దీవి మధ్యలో అల్ ఖుసూర్ అనే చోట ఒక పాత క్రైస్తవ చర్చి కూడా బయటపడింది. ఒక్క చిన్న దీవి మీద ఇన్ని కాలాలు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి.

ఇదంతా పాత సంగతి. నిన్నమొన్నటి దాకా అక్కడ ఊరుంది. చేపలు పట్టేవాళ్ళు, ముత్యాల కోసం మునిగేవాళ్ళు, కాస్త సేద్యం చేసుకునేవాళ్ళు. 1990 నాటికి రెండు వేల మందికి పైగా ఉన్నారు. బడి, బ్యాంకు, దుకాణాలు అన్నీ ఉండేవి. ఆ ఏడాది ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. ఫైలకా జనాన్ని వెళ్ళగొట్టి, దీవిని సైనిక స్థావరం చేసుకుంది, మందుపాతరలు పెట్టింది.

ఆ ఏడాది మనవాళ్ళ సంగతి కూడా మీకు తెలుసు. కువైట్ నుంచి అమ్మాన్ మీదుగా ఎయిరిండియా విమానాల్లో లక్షమందికి పైగా భారతీయులు ఇంటికి చేరారు. కడప, గోదావరి జిల్లాల పెద్దవాళ్ళను అడిగితే ఇప్పటికీ ఆ ఎడారి ప్రయాణం కథలుగా చెప్తారు. వాళ్ళలో చాలామంది గొడవ సద్దుమణిగాక తిరిగొచ్చి మళ్ళీ పనుల్లో చేరారు. ఫైలకా వాళ్ళకు మాత్రం తిరిగి వెళ్ళే రోజు రాలేదు. మందుపాతరలు తీశారు, ప్రభుత్వం ఇళ్ళకు పరిహారం ఇచ్చింది, వాళ్ళు ఇటు ఒడ్డునే స్థిరపడిపోయారు. ఊరు అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు వెళ్తే ఏం కనిపిస్తుంది? బ్యాంకు గోడల నిండా తూటాల గుంతలు. తలుపులు లేని ఇళ్ళు. ఒకచోట కుప్పగా పడేసిన యుద్ధ ట్యాంకులు. ఇంకోవైపు సందర్శకుల కోసం హెరిటేజ్ విలేజ్ అని పెట్టారు. కువైట్ 2035 ప్రణాళికలో అభివృద్ధి చేయాలనుకున్న ఐదు దీవుల్లో ఫైలకా ఒకటి. డ్రాయింగులు చాలా వస్తున్నాయి, రిసార్టులు, మరీనాలు, విల్లాలు. బొమ్మలో అన్నీ బాగుంటాయి. సైట్‌లో పనిచేసేవాడిగా నా ప్రశ్న ఒక్కటే. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అనే లెక్క ముందు తయారైందా? ఆ లెక్క లేకుండా బుల్డోజర్ దిగితే వారంలో నేల చదునైపోతుంది. తర్వాత ఎంత డబ్బు పోసినా వెనక్కి రాదు.

ఆ లెక్కలో నా దృష్టిలో మూడు వరుసలుంటాయి.

మొదటిది నేల కింద ఉన్నది. దిల్మున్, గ్రీకు కట్టడాలు దొరికిన సాద్, సయీద్ ప్రాంతాన్ని కువైట్ 2013లో యునెస్కో తాత్కాలిక జాబితాలో పెట్టింది. ఇలాంటి చోట పునాదికి గొయ్యి తీయడమంటే మామూలు పని కాదు. పురావస్తు వాళ్ళు చూడకుండా జేసీబీ పన్ను దిగకూడదు. గొయ్యి లోతు తగ్గించే డిజైన్ ఎంచుకోవాలి. బరువైన కట్టడం ఏదైనా ఖాళీ అని తేలిన చోటికే జరపాలి.

రెండోది పాత ఇళ్ళు. సముద్రపు రాయి, మట్టి, జిప్సం పూతతో కట్టినవి. పైకప్పుకు ఆఫ్రికా నుంచి ఓడల్లో వచ్చిన మడ చెట్ల దుంగలు వేసేవాళ్ళు. వీటిని బాగుచేసేటప్పుడు చాలాచోట్ల సిమెంటు ప్లాస్టర్ కొట్టేస్తారు. చూడ్డానికి గట్టిగా, నున్నగా ఉంటుంది. కానీ మట్టి గోడ తేమను పీల్చుకుంటుంది, వదులుతుంది. సిమెంటు ఆ తేమను లోపలే బంధిస్తుంది. నేలలోంచి ఎక్కిన ఉప్పు పూత వెనక పేరుకుని గోడను లోపల్నించి తినేస్తుంది. మన ఊళ్ళలో గానుగ సున్నంతో కట్టిన పాత మిద్దెలకు సిమెంటు పూసి ఏం తెచ్చుకున్నామో చూశాం కదా, అదే కథ. పాత గోడకు పాత పూతే వేయాలి. అది తెలిసిన మేస్త్రీలు ఎక్కడా ఎక్కువమంది లేరు, వాళ్ళను ముందు వెతుక్కోవాలి.

మూడోది 1990కి ముందు కట్టిన కాంక్రీటు భవనాలు. ఇది నా పని కాబట్టి కొంచెం వివరంగా చెప్తా. ముప్పై ఏళ్ళకు పైగా ఉప్పు గాలి తగిలింది. ఉప్పులోని క్లోరైడ్ కాంక్రీటులోంచి మెల్లగా దిగి ఇనుప చువ్వను చేరుతుంది, చువ్వ తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది. ఆ ఒత్తిడికి స్లాబ్ కింద పెచ్చులు ఊడిపోతాయి. అందుకే సుత్తితో తట్టి చూస్తాం. టంగుమంటే బాగున్నట్టు, డొల్ల చప్పుడొస్తే లోపల విడిపోయినట్టు. తర్వాత కోర్ తీసి ల్యాబ్‌కి పంపాలి, క్లోరైడ్ ఎంత లోతుకు పోయిందో చూడాలి. చెడిన కాంక్రీటును చువ్వ వెనక దాకా చెక్కి, తుప్పు గీకి, అప్పుడు మళ్ళీ నింపాలి. ఇవేవీ చేయకుండా పైన పూత పూసి రంగేస్తే, కొన్నాళ్ళకే పగుళ్ళు మళ్ళీ కనిపిస్తాయి. అన్ని భవనాలూ నిలబడతాయని నేను అనను. కొన్ని కూల్చక తప్పదు. కానీ ఆ మాట కోర్ రిపోర్ట్ చెప్పాలి, అమ్మకాల బ్రోషర్ కాదు.

మరి తూటాల గుంతలు పూడ్చాలా? నా మాట, బ్యాంకు గోడను అలాగే ఉంచాలి. లోపల పిల్లర్లకు, బీములకు బలం ఇచ్చి, బయటి గోడను ఉన్నదున్నట్టు ఆపొచ్చు. జనం ఉండే ఇళ్ళకు మాత్రం గుంతలు పూడ్చి తీరాలి. రోజూ గాయం చూస్తూ ఎవరూ కాపురం చేయలేరు.

ఇలాంటివి జరిగే పనేనా అంటే, మన పక్కనే ఉంది. బహ్రెయిన్‌లో ముహర్రక్ దీవి పాత పేటలో ముత్యాల వ్యాపారుల ఇళ్ళు, దుకాణాలను బాగుచేసి 3.5 కిలోమీటర్ల దారిగా కలిపారు. 2012లో యునెస్కో గుర్తింపు వచ్చింది, 2019లో ఆగా ఖాన్ ఆర్కిటెక్చర్ అవార్డు వచ్చింది. ఒకచోట శిథిలాల మీద కొత్త కాంక్రీటు కప్పును స్తంభాల మీద ఎత్తుగా నిలబెట్టి, కింద పాత గోడల్ని అలాగే వదిలారు. మన దగ్గర నాగార్జునకొండ చూడండి. సాగర్ నీళ్ళు రాకముందే కట్టడాలను విప్పి, కొండ మీదా, అనుపులోనూ మళ్ళీ పేర్చారు. ఆ కొండే ఇప్పుడు దీవి. రాళ్ళను కాపాడుకున్నాం, మంచిపనే. ఆ లోయలో ఉన్న ఊళ్ళ జనం మాత్రం చెదిరిపోయారు. ఫైలకాలో రాయీ ఉంది, ఊరివాళ్ళూ ఇంకా ఉన్నారు.

అసలు విషయం ఇదే. 1990లో ఇరవై ఏళ్ళవాళ్ళకు ఇప్పుడు యాభై దాటింది. ఏ ఇల్లు ఎవరిది, బడిగంట ఎక్కడ వేలాడేది, బావి ఏ మూల ఉండేది, ఇదంతా వాళ్ళ తలల్లో ఉంది. కొలతలు తీసే ఇంజనీరు పక్కన అలాంటి ఒక పెద్దాయనను నిలబెట్టాలి. కొత్త దీవిలో వాళ్ళ పిల్లలకు ఒక దుకాణమో, ఒక పడవ లైసెన్సో, ఒక వాకిలో దక్కాలి. లేకపోతే మిగిలేది పాత ఊరి పేరు పెట్టుకున్న హోటలే.

ఇక మన సంగతి. పని మొదలైతే కట్టేది మనలాంటివాళ్ళే. కంకర, సిమెంటు, ఇనుము, క్యూరింగ్‌కి మంచినీళ్ళు, అన్నీ బార్జి మీద రావాలి. సముద్రపు నీళ్ళు వాడితే మళ్ళీ అదే తుప్పు. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు ఎండలో పని నిషేధం ఉంది. దీవి మీద అడిగేవాడు లేడని దాన్ని దాటకూడదు. అక్కడికి పనికి పిలిచే కాంట్రాక్టర్‌ని క్యాంపు ఎక్కడ, ఆసుపత్రికి పడవ ఎంతసేపట్లో వస్తుంది అని ముందే అడగండి తమ్ముళ్ళూ. అడగడం మన హక్కు.

చూడ్డానికి వెళ్ళేవాళ్ళకు రెండు మాటలు. పెచ్చులూడిన స్లాబుల కింద నిలబడి ఫోటోలు దిగొద్దు. చిన్న పెంకు ముక్కైనా జేబులో వేసుకుని రావద్దు. మీ ఇంట్లో, మీ ఆఫీసులో ఫైలకా నుంచి వచ్చిన కుటుంబాల వాళ్ళెవరైనా ఉంటే ఒకసారి పలకరించి, ఆ ఊరి గురించి అడగండి. వాళ్ళు చెప్పింది మాకు వాయిస్ మెసేజ్‌గా పంపండి, వాళ్ళు ఒప్పుకుంటేనే సుమా. వచ్చే ఎపిసోడ్‌లో వినిపిస్తాం. ఉంటాను, ఎండలో జాగ్రత్త.