చిన్న అడుగుల లెక్క
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"నువ్వు చేసే పనేంటో చెప్పు, ఫార్ములాలు మాత్రం వద్దు" అని సంఘం వాళ్లు ముందే షరతు పెట్టారు. నేను కంప్యూటర్లో పాలిమర్ల లెక్కలు కడతాను. పాలిమర్ అంటే చిన్న ముక్కలు వందలు, వేలు గొలుసులా కలిసిన పొడవాటి అణువు. ప్లాస్టిక్ ఒక్కటే అనుకోకండి. మన నల్లరేగడిలో పండే పత్తిలో ఉండే సెల్యులోజ్ కూడా పాలిమరే.

కొన్ని గొలుసుల్లో రెండు రకాల ముక్కలుంటాయి. చెప్పుల అడుగుల్లో, రోడ్డు తారులో వాడే ఎస్‌బీఎస్ అనే రబ్బరు అలాంటిది: రెండు కొసల్లో స్టైరీన్, మధ్యలో బ్యూటాడయీన్. ఈ రెండింటికీ పడదు. నూనె, నీళ్లయితే విడిపోతాయి. ఇవి ఒకే గొలుసుకు కట్టేసి ఉన్నాయి, ఎక్కడికి పోతాయి? వెంట్రుక మందంలో కొన్ని వేలవ వంతు దూరంలోనే పొరలుగానో, కడ్డీలుగానో, గుండ్లుగానో సర్దుకుంటాయి. గట్టిదనం, సాగే గుణం చాలావరకు ఆ అమరికను బట్టే.

కోటానుకోట్ల గొలుసులు ఒకదాన్నొకటి నెట్టుకుంటుంటే అన్నింటి వెంటా పడలేం. 1965లో ఎస్.ఎఫ్. ఎడ్వర్డ్స్ ఒక దారి చూపించాడు. ఒక్క గొలుసునే తీసుకుని, మిగతావన్నీ దానిమీద చూపే ప్రభావాన్ని ఒక క్షేత్రంగా అనుకోవాలి. కానీ గొలుసులు ఎక్కడున్నాయో తెలిస్తేగాని క్షేత్రం తెలియదు, క్షేత్రం తెలిస్తేగాని గొలుసులు ఎక్కడుంటాయో తెలియదు. పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు, పెళ్లయితేగాని పిచ్చి కుదరదన్న సామెతే! అందుకని ముందు ఒక ఊహతో మొదలుపెట్టి, లెక్కగట్టి, సరిదిద్దుకుంటూ పోతాం.

ఆ సరిదిద్దడంలోనే ఉంది అసలు సంగతి. ఒక సంఖ్యను రెట్టింపు చేసి 3లోంచి తీసేస్తే మళ్లీ అదే సంఖ్య రావాలి. జవాబు 1. తెలియనట్టు 0తో మొదలుపెట్టి, వచ్చిన జవాబునే మళ్లీ వేస్తూ పోండి: 3, −3, 9, −15. ఊరు దాటిపోయింది. అదే, ప్రతిసారీ కొత్త జవాబు వైపు పదోవంతు మాత్రమే జరగండి: 0.3, 0.51, 0.657... మెల్లగా 1 దగ్గరికి చేరతారు. మా పెద్ద ప్రోగ్రాముల్లోనూ ఉన్న కిటుకు ఇదే. తొందరపడితే లెక్క చెదిరిపోతుంది.

అయితే లెక్క నిలిచినంత మాత్రాన నిజమని కాదు. మొదటి ఊహ మారిస్తే వేరే అమరిక రావచ్చు. లెక్కకు తీసుకున్న పెట్టె కొలత కుదరకపోతే అమరికే వంకర పోతుంది. 1980ల్లో ప్రయోగాల్లో కనిపించిన ఒక అల్లికను వజ్రం తరహా అనుకున్నారు. 1994లో కొత్త ప్రయోగాల్లో గైరాయిడ్ అనే వేరే అల్లిక బయటపడింది. అదే ఏడు మాట్సెన్, షిక్ చేసిన లెక్కలోనూ గైరాయిడే నెగ్గింది. రెండింటి శక్తిలో తేడా బహు స్వల్పం. గళ్లు కాస్త ముతకగా వేసుకుంటే ఆ తేడా లెక్కలోని దోషంలోనే మునిగిపోతుంది.

ఇప్పటి పిల్లల చేతిలో మంచి సాఫ్ట్‌వేర్లున్నాయి. మీట నొక్కితే రంగురంగుల బొమ్మ వస్తుంది. ఆ బొమ్మను ఒకటికి నాలుగుసార్లు అనుమానించడం మాత్రం సాఫ్ట్‌వేర్ నేర్పదు. నాకది ఈ పొన్నూరు బడిలో, "జవాబు సరే, సరిచూశావా?" అన్న ప్రశ్నతో వచ్చింది.

మాస్టారూ, ఇందాకటి లెక్కలో పదోవంతు బదులు మూడోవంతు జరిగితే ఏమవుతుందో ఎనిమిదో తరగతి పిల్లల చేత చేయించండి. జవాబు నేను చెప్పను.